కొండ బొమ్మ వెనుక నాలుగు పంక్తులు

రావులపాలెములో గౌతమి గట్టున నిలిచి చూచినచో కొబ్బరితోటలు, అరటితోటలు, వరిచేలే కన్నులకందును. మంచుకొండ మాకు బొమ్మలోనిదే. అట్టి చోట కూర్చుండి యుద్ధకాలపు కొండబొమ్మల పోస్టుకార్డులు సేకరించుచున్నామన్నచో వినువారికి నవ్వు రావచ్చును.

లోకములో మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వెలువడినది. మన దేశమునకు 1879లో వచ్చినది, వెల కాలణా. 1914లో ప్రపంచయుద్ధము రాగా, ఇంటికిని రణరంగమునకును నడుమ ఈ చిన్న అట్టముక్కయే వారధియైనది.

1915 మే నెలలో ఇటలీ ఆస్ట్రియా-హంగరీపై యుద్ధము ప్రకటించిన పిమ్మట ఆల్ప్స్ శిఖరములే యుద్ధభూమియైనవి. 1916 డిసెంబరు 13న మార్మొలాడా కొండపై మంచుచరియ విరిగిపడి, ఒక ఆస్ట్రియా శిబిరములో రెండు వందలకు పైగా సైనికులు సమాధియైరి. కార్డులపై మాత్రము ఆ కొండలు తెల్లగా, ప్రశాంతముగా కనబడును.

సేకరించువారు ఇచ్చటనే పొరపడుదురు. కొండ బొమ్మ ఉన్నంతమాత్రమున వ్రాసినవాడు ఆ కొండమీద ఉన్నాడనరాదు. తానున్న చోటు పేరు వ్రాయుట సైనికునకు నిషిద్ధము. కార్డు సెలవునాడు వేరొక ఊరిలో కొన్నది కావచ్చును. కనుక మేము ముందు వెనుకకు త్రిప్పి తేదీని, సైనిక తపాలా కార్యాలయపు సంఖ్యను, సెన్సారు ముద్రను చూతుము, బొమ్మ తరువాత.

బ్రిటిషు సేన అచ్చొత్తించి ఇచ్చిన కార్డు ఒకటి ఉండెడిది. అందలి వాక్యములలో అక్కరలేనివి కొట్టివేయుటే సైనికుని పని. అదనముగా ఏమి వ్రాసినను కార్డు నాశనమగును. దానిని చూచిన పిదప, చేతివ్రాతతో ఉన్న నాలుగు పంక్తుల విలువ తెలియును.

ఈ చరిత్ర మనకు దూరము కాదు. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరము నుండి ఎందరో రెండు ప్రపంచయుద్ధములకును వెళ్ళిరి. అందుచేతనే అది మిలిటరీ మాధవరమైనది. 1944లో ఇటలీ కొండసీమలలో మద్రాసు సాపర్లు మందుపాతరలు తీసిరి. అట్టివారి జాబులు మన ఇండ్లలో తీగకు గ్రుచ్చబడి ఉండెడివి. 1986 నాటి గోదావరి వరదకు, 1996 నాటి తుపానుకు తడిసి నశించినవి ఎన్నియో!

మిగిలినవి ఏవైన మీ అటకపై ఉన్నచో జిగురుతో అంటింపకుడు. అంటించినచో వ్రాత మరుగుపడును. వ్రాసినదెవరో ఇంటి పెద్దలనడిగి వేరొక కాగితముపై వ్రాసి, దానితో కలిపి ఉంచుడు. ఆ పేరు తెలిసినవారు పోయిన పిమ్మట మిగులునది కొండ బొమ్మ మాత్రమే.