గడప పసుపు, తలుపు రంగు

ఇంటి ముందు తలుపుకు ఏ రంగు వేయాలన్నది చరిత్ర వ్యాసానికి తగిన విషయమేనా అని పాఠకులు అనుకోవచ్చు. నేను చదివింది కామర్స్, చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. గృహరుణాల కాగితాలు పట్టుకుని బరంపురంలోనూ షోలాపూరులోనూ హోసూరులోనూ ఎన్నో గుమ్మాల ముందు నిలబడ్డాను. ఎస్టిమేటులో రంగుల పద్దు ఎప్పుడూ ఆఖరుది. డబ్బు చాలనప్పుడు ముందు కోత పడేదీ దానికే. అయినా సిమెంటు గురించి ఒక్క మాట అడగని వాళ్లు తలుపు రంగు దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ వాదనకు దిగుతారు. ఆ వాదన ఈనాటిది కాదు.

గడపతో మొదలుపెట్టాలి. మన ఇళ్లలో రంగు మొదట పడింది తలుపు మీద కాదు, గడప మీద. శుక్రవారం పూట గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టడం ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చెప్పలేరు. ఇది మన ఒక్కరి సొత్తనుకోవడం పొరపాటు. తమిళులు నిలైవాసల్‌కూ, కన్నడిగులు హొస్తిలుకూ అంత శ్రద్ధగానూ చేస్తారు. బరంపురంలో మా ఒరియా ఇరుగుపొరుగులు మార్గశిర గురువారాల్లో బియ్యప్పిండితో లక్ష్మీ పాదాలు దిద్దేవారు. ఆ వాకిళ్ల పక్కనే మనవాళ్ల పసుపు గడప ఉండేది.

పసుపు రంగు నిలవదు. ఎండ తగిలితే వెలిసిపోతుంది. అందుకే వారం వారం రాయవలసి వస్తుంది. గడప పచ్చగా ఉందంటే ఆ ఇంట్లో ఆడవాళ్లు క్షేమంగా ఉన్నారని వీధిలో వాళ్లకు తెలిసేది. ఆ పసుపులోనే సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పారాణి అలా వచ్చిందే, పాత పద్ధతి కుంకుమా అంతే. వంటింట్లో దొరికే ఒక్క దుంప నుంచి రెండు రంగులు!

మరి తలుపుకు? పాతకాలపు తలుపుకు రంగు లేదనే చెప్పాలి. గోడలకు సున్నమూ, అరుగులకు జాజూ ఉండేవి గాని, అవి కొయ్యకు అంటుకోవు. రంగు కొయ్యను పట్టుకోవాలంటే నూనె ఆరి గట్టిపడాలి. నువ్వుల నూనె, ఆముదం ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటాయి. ఏటికొప్పాక బొమ్మలకు లక్క రంగు పడుతుందంటే, బొమ్మ తరిణె మీద తిరిగే వేడికి లక్క కరిగి పూత అవుతుంది గనుక. తలుపును తరిణె ఎక్కించలేం కదా! అంచేత నూనె గుడ్డతో తుడవడం, చెదలు పట్టకుండా జీడిగింజల పెంకు నూనె పూయడం, అంతే. ఆ నల్లటి నూనె వాసన ఎరిగిన వాళ్లు ఈ పత్రిక పాఠకుల్లో ఇంకా ఉండే ఉంటారు.

తలుపుకు రంగు తెచ్చింది అవిసె నూనె. అది గాలి తగిలి గట్టిపడే నూనె. యూరపులో చిత్రకారులు దీన్ని ఏనాటి నుంచో వాడుతున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచి అవిసె గింజలు ఓడల కొద్దీ ఇంగ్లండుకు వెళ్లేవి. అక్కడ నూనెగా ఆడి, రంగు కలిపి, డబ్బాల్లో పోసి మళ్లీ మనకే అమ్మేవారు. గింజ మనదీ, లాభం వాళ్లదీ. కామర్స్ చదివిన వాడిని గనుక ఇక్కడ కాస్త ఆగాను, క్షమించాలి.

ఆ డబ్బాల్లో ఉన్నవేమిటి? నీలం ఒకటి. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో ఒక రంగుల తయారీదారు ఎరుపు చేయబోతే అనుకోకుండా నీలం వచ్చింది. దానికి ప్రష్యన్ నీలమని పేరు. రెండవది పసుపు. 1797లో ఫ్రాన్సులో వోక్లాఁ అనే శాస్త్రవేత్త క్రోమియం కనుక్కున్నాడు. సీసంతో దాన్ని కలిపితే కళ్లు జిగేలుమనే పచ్చటి రంగు. ఈ రెంటినీ కలిపితే ఆకుపచ్చ. మన తాతల కాలపు ఇళ్ల తలుపులకూ, సర్కారు క్వార్టర్ల కిటికీలకూ ఉండే ముదురాకుపచ్చ చాలావరకు ఆ కలయికే.

ప్రష్యన్ నీలం సున్నంలో నిలవదు, విరిగిపోతుంది. అందుకని అది తలుపులకే సరిపోయింది. గోడ సున్నంలో మనం కలిపే నీలిమందు వేరు. అది ఫ్రాన్సులో 1820లలో కృత్రిమంగా చేసిన అల్ట్రామెరీన్, బట్టలకు పెట్టేదీ అదే. కడప, నెల్లూరు సీమల్లో నీలిచెట్ల నుంచి తీసిన అసలు నీలిమందు ఇంకొకటి. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టాక ఆ పంట క్రమంగా కూలిపోయింది. పేరు మాత్రం బట్టల నీలానికి బదిలీ అయింది. ఖాతాదారు పోయినా ఖాతా పేరు మారలేదన్నమాట.

1902లో హౌరాలో షాలిమార్ కర్మాగారం వచ్చింది. 1942లో యుద్ధం వల్ల దిగుమతులు ఆగినప్పుడు బొంబాయిలో నలుగురు స్నేహితులు ఒక గ్యారేజీలో ఏషియన్ పెయింట్స్ మొదలుపెట్టారు. రానురాను చిన్న చిన్న డబ్బాలు పల్లెటూరి కిరాణా కొట్లలోకి వచ్చేశాయి. మహారాష్ట్రలో పోళా పండుగకు ఎద్దుల కొమ్ములకు రంగు కొన్న రైతు, మిగిలినది తలుపుకు పూసేవాడు. షోలాపూరులో మన పద్మశాలీల వాడల్లో తిరిగినప్పుడు ఆ ఎరుపూ ఆ నీలమూ తలుపుల మీద చూశాను.

అప్పుడే గడప మీదికి కూడా ఎనామిల్ వచ్చింది. వారం వారం పసుపు రాయడానికి తీరిక లేని ఇళ్లలో పచ్చ ఎనామిల్ పూసి, దాని మీద ఎర్ర చుక్కలు దిద్దేశారు. చూడ్డానికి శుభ్రం, ఎండకు వెలవదు. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లను తప్పు పట్టే హక్కు గడపకు ఎన్నడూ పసుపు రాయని మగవాళ్లకు లేదు. చిక్కల్లా ఆ పచ్చదనం సీసంది కావడం. పసుపు నోట్లో పడితే ఏమీ కాదు. సీసం పడితే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పాకే పిల్ల ముందుగా చెయ్యి వేసేది గడప మీదే. ఆ చెయ్యే నోట్లోకి వెళ్తుంది.

అమెరికాలో ఇళ్లకు వేసే సీసపు రంగులను 1978లో నిషేధించారు. 1990ల చివర బెంగళూరు కేంద్రంగా డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ వంటి వారు మన నగరాల పిల్లల రక్తం పరీక్షించి సీసం ఎంతుందో బయటపెట్టారు. దాంట్లో పెట్రోలు పాలు కూడా ఉంది. పెట్రోలులోంచి 2000లో సీసం తీసేశారు. రంగుల సంగతికి మాత్రం 2016 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు చేసిన నిబంధనల ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అమెరికా తరువాత దాదాపు నలభై ఏళ్లకు!

ఇంకో విడ్డూరం. ఆ సీసపు పచ్చరంగునే బంగ్లాదేశ్‌లో వ్యాపారులు నిగనిగలాడేందుకు వంటపసుపులో కలుపుతున్నారని 2019లో పరిశోధకులు తేల్చారు. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే రెండేళ్లలో ఆగింది. పసుపు బదులు గడపెక్కిన రంగు, చివరికి పసుపులోకే దూరిందన్నమాట.

కొత్త డబ్బా కొనేవాళ్లు దాని మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూసుకుంటే చాలు. అసలు భయం పాత తలుపులతో. హోసూరులో నాకు తెలిసిన ఇంట్లో తాతగారి నాటి తలుపు గీకిస్తుంటే పై గోధుమరంగు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, అన్నిటి కిందా నల్లటి జీడినూనె బయటపడ్డాయి. చరిత్రగా చూస్తే ముచ్చటే గాని, గీకిన పొడి అంతా వాకిట్లో పరుచుకుంది. తడి గుడ్డతో తుడుస్తూ నీళ్లకాగితంతో రుద్దమని, పిల్లల్ని రెండు రోజులు దూరంగా ఉంచమని నేను చెప్పాను. మేస్త్రి నవ్వి, "ముప్పై ఏండ్లుగా ఈ దుమ్ము మింగతానే ఉండా సార్, నాకేమైంది?" అన్నాడు. ఆ నవ్వులో దగ్గు కూడా ఉంది. అయినా గుడ్డ తడిపాడు. తలుపుకు ముదురు ఆకుపచ్చే వేయించారు. గడపకు మాత్రం ఆ ఇంటావిడ రంగు వేయనివ్వలేదు, ఉత్త కొయ్యగానే వదిలేయమంది.