నందివర్ధనం, ఐబొగా: నల్లమందు వ్యసనానికి మొక్క మందు వెతికిన చరిత్ర

నందివర్ధనం గన్నేరు కుటుంబానికి చెందిన పూలమొక్క. శాస్త్రీయ నామం టాబర్నెమోంటానా డైవరికేటా. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఊళ్ళలో పెరటి బావి పక్కనో, గుడి ప్రాకారం లోపలో ఈ చెట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఒంటిరేకు పూలవి కొన్ని, ముద్దపూలవి కొన్ని. పూలు దేవుడి పూజకు వెళ్తాయి. కళ్ళు మండినప్పుడు రెండు పూలు రెప్పల మీద పెట్టుకుని పడుకోవడం పాత అలవాటు. కొమ్మ తుంచితే తెల్లటి పాలు కారతాయి.

ఈ చెట్టుకు మధ్య ఆఫ్రికాలో ఒక దాయాది ఉంది. దాని పేరు ఐబొగా (టాబర్నాంథే ఐబొగా). దాని వేరు బెరడులోని ఐబొగైన్ అనే పదార్థం హెరాయిన్, మార్ఫిన్ వంటి నల్లమందు జాతి మత్తుల నుంచి మనిషిని విడిపించగలదా అని 60 ఏళ్ళకు పైగా పరీక్షలు జరుగుతున్నాయి. ఐబొగైన్‌లోని అణు చట్రమే నందివర్ధనంలోని కొన్ని ఆల్కలాయిడ్లలోనూ ఉండటం వల్ల మన పెరటి చెట్టు కూడా ఈ చరిత్రలోకి వచ్చింది.

కోస్తాకు నల్లమందు కొత్త కాదు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నం చేరేనాటికే డచ్చివారు ఇక్కడ వర్తకం నడుపుతున్నారు. వాళ్ళు జావాకు తీసుకెళ్ళిన నల్లమందు ప్రధానంగా బెంగాల్, బీహార్ల సరుకు. ఈ రేవు నుంచి ఎక్కువగా వెళ్ళింది అద్దకపు బట్టలు. బ్రిటిషు ఏలుబడిలో 1857, 1878 చట్టాలతో గసగసాల సాగూ నల్లమందు అమ్మకమూ సర్కారు చేతిలోకి వచ్చి, లైసెన్సు దుకాణాల్లో నల్లమందు దొరికేది. మద్రాసు రాజధానిలో గోదావరి, విశాఖ జిల్లాల మన్యం వైపు వాడకం ఎక్కువ. చలిజ్వరానికి అది విరుగుడని అక్కడి నమ్మకం. ఏడ్చే పసిబిడ్డకు ఆవగింజంత పెట్టి నిద్రపుచ్చడం కూడా దేశంలో చాలాచోట్ల ఉండేది. ఎన్ని ప్రాణాలు అలా నిద్రలోనే పోయాయో లెక్క రాసిపెట్టినవారు లేరు.

ఆఫ్రికాలో కథ వేరు. గాబన్‌లో బ్విటీ అనే మత సంప్రదాయం ఉంది. అందులో దీక్ష తీసుకునేవారికి ఐబొగా వేరు బెరడు తినిపిస్తారు. రాత్రంతా డప్పులు, పాటలు. తిన్న మనిషి పూర్వీకులను చూస్తాడని విశ్వాసం. వ్యసనం మాన్పడం ఆ దీక్ష ఉద్దేశం కానే కాదు. ఫ్రెంచి వృక్ష శాస్త్రజ్ఞుడు బయోఁ 1889లో ఈ మొక్కను వర్ణించాడు. 1901లో ఐబొగైన్‌ను వేరుచేశారు. 1939 నుంచి 1970 దాకా ఫ్రాన్సులో దీని సారంతో 'లాంబరెన్' అనే బిళ్ళలను అలసట తీర్చే మందుగా అమ్మారు. ఒక్కో బిళ్ళలో ఐబొగైన్ కొద్ది మిల్లీగ్రాములే.

1962లో న్యూయార్క్‌లో హోవర్డ్ లోట్సాఫ్ అనే 19 ఏళ్ళ కుర్రాడు కొత్త మత్తు రుచి చూద్దామని ఐబొగైన్ మింగాడు. అప్పటికే హెరాయిన్‌కు అలవాటు పడ్డవాడు. ఒకటిన్నర రోజు గడిచాక చూసుకుంటే హెరాయిన్ కావాలన్న ఆరాటం లేదు, మానేసినప్పుడు పట్టుకునే ఒళ్ళు నొప్పులు, వాంతులు, వణుకు లేవు. వైద్యుడు కాదు, పరిశోధకుడూ కాదు. అయినా తన అనుభవాన్ని పట్టుకుని జీవితమంతా తిరిగాడు. 1985లో నల్లమందు జాతి వ్యసనానికి ఐబొగైన్ వాడకంపై అమెరికా పేటెంటు పొందాడు. కానీ ఆ దేశంలో ఐబొగైన్ అప్పటికే నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉంది. దానితో చికిత్స నెదర్లాండ్స్‌కూ తర్వాత మెక్సికోకూ తరలింది. 1993లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్త డెబొరా మాష్ బృందానికి మనుషుల మీద పరీక్షకు అనుమతి ఇచ్చింది. అదే ఏడు నెదర్లాండ్స్‌లో చికిత్స పొందుతున్న ఒక యువతి మరణించింది. 1995లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐబొగైన్ పరిశోధనకు నిధులు ఇవ్వడం మానుకుంది.

అసలు చిక్కు గుండె దగ్గర ఉంది. గుండె కండరం ఒక్కో స్పందన తర్వాత మళ్ళీ సిద్ధం కావాలంటే పొటాషియం వెళ్ళే ద్వారాలు తెరుచుకోవాలి. ఐబొగైన్ వాటిని మూసేస్తుంది. ఇ.సి.జి.లో క్యూటీ వ్యవధి సాగిపోయి, లయ తప్పి, గుండె ఆగవచ్చు. కాలేయం దాన్ని నోరైబొగైన్‌గా మారుస్తుంది, అదీ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. 1990 నుంచి 2008 వరకు ఐబొగైన్ తీసుకున్న కొద్ది గంటల్లో గానీ రోజుల్లో గానీ సంభవించిన 19 మరణాలను 2012లో ఒక సమీక్ష పరిశీలించింది. చాలామందికి ముందే గుండె జబ్బు ఉండటమో, వేరే మత్తు కూడా తీసుకుని ఉండటమో కనిపించింది. చికిత్స గుణం చూపే అధ్యయనాలూ ఉన్నాయి. మెక్సికోలో 30 మందిని గమనిస్తే, నెల తర్వాత సగంమంది గత 30 రోజుల్లో నల్లమందు జాతి మత్తు ముట్టలేదన్నారు. ఫలితం ఆశ కలిగిస్తుంది. కానీ పోల్చడానికి మరో గుంపు లేని చిన్న అధ్యయనం అది. దాని మీద ఎవరూ ఆస్పత్రి కట్టకూడదు.

నందివర్ధనం వంతు ఇక్కడ వస్తుంది. ఈ చెట్టుకు పూర్వం టాబర్నెమోంటానా కొరొనారియా అనే పేరుండేది. ఆ పేరు మీదుగానే దీనిలోని ఒక ఆల్కలాయిడ్‌కు కొరొనారిడిన్ అని పేరు పెట్టి, 1960లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ఐబొగైన్ చట్రమే, పక్కన తగిలించిన ముక్కల్లో తేడా. 1990ల్లో అమెరికా శాస్త్రజ్ఞులు స్టాన్లీ గ్లిక్, మార్టిన్ క్యూనే ఈ కొరొనారిడిన్‌ను మార్చి 18-మెథాక్సీకొరొనారిడిన్ తయారుచేశారు. ఎలుకలు మార్ఫిన్ తీసుకోవడం తగ్గింది, ఐబొగైన్‌తో వచ్చే వణుకు రాలేదు. 2020 చివర్లో శాస్త్రజ్ఞుడు డేవిడ్ ఓల్సన్ బృందం టాబర్నాంథలాగ్ అనే మరో అణువును ప్రకటించింది. దాని ఆశయం భ్రమలనూ గుండె ప్రమాదాన్నీ వదిలించుకుని, గుణాన్ని మాత్రం మిగుల్చుకోవడం. ఇవన్నీ ప్రయోగశాలలో తయారైన పదార్థాలు. పెరట్లో కోసిన బెరడుకు, వీటికి ఉన్న సంబంధం వంశవృక్షంలో మాత్రమే.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గన్నేరు కుటుంబంలో మందులెన్నో విషాలూ అన్నే. మచిలీపట్నం ఇసుక నేలల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందులు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. రక్తపోటుకు వాడిన రెసర్పిన్ సర్పగంధి నుంచి వచ్చింది. పచ్చగన్నేరు గింజ గుండెను ఆపేస్తుందని డెల్టా పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నందివర్ధనం కషాయం తాగితే తాగుడు, మత్తుబిళ్ళలు మానిపోతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎంత మోతాదులో ఏం చేస్తుందో మనుషుల మీద పరీక్షించి తేల్చినవారు లేరు.

ఐబొగా రాజకీయం కూడా మారింది. గాబన్ 2000లో దాన్ని జాతీయ వారసత్వంగా ప్రకటించి, 2019లో ఎగుమతి ఆపింది. 2025లో టెక్సాస్ ఐబొగైన్ పరీక్షలకు 5 కోట్ల డాలర్లు కేటాయించింది. భారతదేశంలో ఐబొగైన్ అనుమతి ఉన్న మందు కాదు.

ఇక్కడ సమస్య మాత్రం కళ్ళెదుటే ఉంది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తుల వల్ల హాని పొందుతూ గానీ వాటికి బానిసలై గానీ ఉన్నవారు సుమారు 77 లక్షలు. వారిలో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ జాతికే చెందిన నొప్పి బిళ్ళ ట్రమడాల్‌ను 2018లోనే మత్తు మందుల చట్టం కిందికి తెచ్చారు. నిరూపితమైన చికిత్స నాలుక కింద పెట్టుకునే బ్యుప్రినార్ఫిన్ బిళ్ళ, మెథడోన్ ద్రావణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. రోజూ వైద్యుల పర్యవేక్షణలో తీసుకోవాలి, నెలలు పడుతుంది, రాత్రికి రాత్రి పూర్వీకులు కనిపించరు. సలహా కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.