సారంగధరుడి కాళ్ళూ చేతులూ

ఈ మధ్య ఒక శనివారం రిలీజ్ వాయిదా పడి కాస్త ఖాళీ దొరికితే, 1957 నాటి 'సారంగధర' సినిమా మళ్ళీ చూశాను. ఎన్టీఆర్, భానుమతి, ఎస్వీ రంగారావు, పైగా ఘంటసాల సంగీతం. పాటల కోసమని మొదలుపెట్టి ముగింపు దగ్గర ఇరుక్కుపోయాను. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడికి సారంగధరుడని కొడుకు, చిత్రాంగి అని చిన్న వయసు రాణి. కుర్రాడి పావురం ఎగిరిపోయి సవతితల్లి మేడ మీద వాలుతుంది. దాని కోసం వెళ్తే ఆమె మనసులో మాట చెప్తుంది, వాడు కాదంటాడు. ఆమె వెళ్ళి మొగుడి దగ్గర నేరం మోపుతుంది. రాజుగారు ముందూ వెనకా చూడకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికించేస్తాడు. రాజమండ్రిలో ఇప్పటికీ సారంగధర మెట్ట ఉంది. (చరిత్ర అడిగితే మాత్రం, రాజరాజు కొడుకు 1070లో కులోత్తుంగ చోళుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు... కాళ్ళూ చేతులూ శుభ్రంగా ఉండగానే!)

ఈ కథ 15వ శతాబ్దంలో గౌరన రాసిన 'నవనాథ చరిత్ర'లో ఉంది. అది ద్విపద కావ్యం. ద్విపద అనగానే మా జనగామ వాళ్ళకి ఛాతీ కాస్త పొంగుతుంది, ఆ ఛందస్సుని నెత్తిన పెట్టుకుని ఊరేగించిన పాల్కురికి సోమనాథుడిది మా పాలకుర్తే కదా. గౌరన చెప్పిన కథలో ఆ కుర్రాడు చావడు. ఒక సిద్ధుడు కాపాడతాడు, కాళ్ళూ చేతులూ తిరిగొస్తాయి, వాడు చౌరంగి అనే యోగి అవుతాడు. అంటే అసలు ఇది శైవసిద్ధుల మహిమ చెప్పే కథ. నరకడం ఎందుకంటే మళ్ళీ మొలిపించడానికి.

దీన్ని తిరగేసింది బళ్ళారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 19వ శతాబ్దం చివర్లో ఇదే కథని నాటకంగా రాస్తూ పేరులోనే చెప్పేశాడాయన: 'విషాద సారంగధర'. తెలుగులో మొదటి విషాదాంత నాటకం అని దీన్నే చెప్తారు. సంస్కృత నాటక సంప్రదాయంలో తెర శుభంతోనే దిగాలి. దాన్ని కాదని షేక్స్పియర్ దారి పట్టడం అప్పట్లో చిన్న సాహసం కాదు. మహిమ కథలోంచి మనుషుల కథ బయటికొచ్చింది.

మన పద్యనాటకాన్ని నేను ఆపెరా అనే అంటాను. కొంతమంది మిత్రులు ఒప్పుకోరు, వాళ్ళ ఇష్టం. కానీ ఆలోచించండి: జనం వెళ్ళేది 'తర్వాత ఏమవుతుంది' అని కాదు, కథ ముందే తెలుసు. వెళ్ళేది ఆ పద్యం ఈయన ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఎంతసేపు లాగుతాడు అని. నచ్చితే 'వన్స్ మోర్' అని అరుస్తారు. చచ్చిపడున్న పాత్ర లేచి ఇంకోసారి పాడి మళ్ళీ చచ్చిందన్న జోకు మీరూ వినే ఉంటారు. స్థానం నరసింహారావు గారు చీర కట్టి చిత్రాంగిగా వస్తే చూసినవాళ్ళకి ఆయన మగాడన్న సంగతి గుర్తుండేది కాదట. చిందు యక్షగానం సంగతి సరేసరి, అది పద్యం, దరువు, వచనం కలిపి రాత్రంతా నడిచే ఆట. సారంగధర వాళ్ళ ఆటల్లోనూ ఉంది. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారిది మా జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె. మానుకోటలో మా అమ్మమ్మ వాళ్ళింటి ముందర చిన్నప్పుడు చిందు ఆట చూస్తూ నేను చిత్రాంగి వేషం రాకముందే నిద్రపోయేవాణ్ణి, తర్వాత అమ్మమ్మ కథ చెప్పేది. ఆవిడ చెప్పే కథలో తప్పు ఎప్పుడూ ముసలి రాజుదే. పటంలో కొడుకుని చూపించి తండ్రి తాళి కట్టడమేంది అనేది. (చాలా రూపాల్లో కథ అలాగే ఉంది: చిత్రాంగి చూసిన పటం సారంగధరుడిది.) భూపాలపల్లి గనుల్లో పనిచేసిన మా మేనమామ మాత్రం తప్పంతా పావురానిదే అని తేల్చేసేవాడు.

సరే, సినిమా. 1957 సినిమాలో చివరికి అంతా సుఖాంతమే. గౌరన నాటి మహిమ తిరిగొచ్చేసింది, అవయవాలూ తిరిగొచ్చేశాయి. దీనికి మామూలుగా చెప్పే కారణం 'మన జనం ఏడుపు ముగింపు చూడరు' అని. నేనిది ఒప్పుకోను. అంతకు నాలుగేళ్ళ ముందు, 1953లో, దేవదాసు చచ్చిపోతే జనం ఎగబడి చూశారు. ఇంకా చిత్రం, 1964లో 'బొబ్బిలి యుద్ధం' వచ్చింది. మళ్ళీ అదే ఎన్టీఆర్, అదే భానుమతి, అదే ఎస్వీఆర్. కోట కూలింది, అందరూ పోయారు, ఎవరూ ఏ సిద్ధుణ్ణీ దింపలేదు.

మరి తేడా ఎక్కడ? నాకు తోచింది చెప్తాను. బొబ్బిలిలో చంపినవాడు బయటివాడు, బుస్సీ, విజయరామరాజు. చనిపోయినవాళ్ళకి కీర్తి మిగులుతుంది. సారంగధరలో నరికించినవాడు సొంత తండ్రి, పైగా ధర్మం తప్పని రాజు అని పేరున్నవాడు, మహాభారతం తెలుగు చేయించినవాడు. కొడుకు అలాగే చచ్చిపోతే ఆ రాజుని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. కాళ్ళూ చేతులూ అతికించేస్తే ప్రశ్నే ఉండదు. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో డేటా పోయింది, బ్యాకప్ నుంచి తెచ్చేశాం, ఇక ఎవరు డిలీట్ కొట్టారని మీటింగ్ పెట్టక్కర్లేదు! ఆ సుఖాంతం కాపాడింది కొడుకుని కాదు, తండ్రిని.

బయట ఇలా జరగలేదా అంటే, కార్మెన్ చూడండి. 1875లో పారిస్‌లో ఆ ఆపెరా వేసిన థియేటర్ కుటుంబాలు వచ్చే చోటు. కథానాయిక స్టేజి మీద హత్యకి గురవ్వడం ఏంటని థియేటర్ వాళ్ళే గొణిగారు. బిజే ముగింపు మార్చలేదు. 1915లో డిమిల్ దాన్ని మూకీగా తీశాడు, అందులో కార్మెన్ వేసింది జెరాల్డిన్ ఫరార్ అనే పెద్ద ఆపెరా గాయని (మూకీలో గాయని, మన నిర్మాతల్ని మించిన ఐడియా). అదే ఏడాది చాప్లిన్ పేరడీ తీసి, చివర్లో కత్తి ఉత్తుత్తి కత్తి అని చూపించి కార్మెన్‌ని లేపాడు. అది కామెడీ కాబట్టి చెల్లింది. 1984లో ఫ్రాంచెస్కో రోసీ యూనిట్‌ని తీసుకుని స్పెయిన్‌లో నిజమైన ఊళ్ళకి వెళ్ళి తీశాడు. ఎండ, దుమ్ము, ఎద్దులు అన్నీ నిజం, చావు కూడా ఉన్నదున్నట్టే ఉంచాడు.

అయితే వాళ్ళూ కత్తెర వెయ్యకుండా లేరు. జెఫిరెల్లీ 1986లో 'ఒతెల్లో' తీస్తూ డెస్డిమోనా చావుకి ముందు పాడుకునే విల్లో పాట తీసి పారేశాడు. భర్త అనుమానానికి బలైపోయే మనిషికి ఆపెరాలో తనకంటూ దక్కిన ఘట్టం అది. నిడివి తగ్గించాలంటే మొదట కనపడింది అదే.

ఇక్కడే చిత్రాంగి గుర్తొస్తుంది. భానుమతి తన పాటలు తనే పాడుకునే నటి, అంటే మొత్తం సినిమాలో ఆపెరాకి దగ్గరగా ఉన్న మనిషి ఆవిడే. ఎన్టీఆర్ పెదాలకి గొంతు ఘంటసాలది. కానీ ముగింపులో సారంగధరుడికి దేహం తిరిగొచ్చింది, రాజుకి పరువు తిరిగొచ్చింది. పటం చూపించి మోసం చేశారన్న ఆవిడ ఫిర్యాదు మాత్రం ఎవరి ఖాతాలోనూ జమ కాలేదు. నేను చూసిన చిందు వీడియోలన్నీ గంటకి కుదించినవే. రాత్రంతా సాగే ఆటని గంట చెయ్యాలంటే ఏదో ఒకటి పోవాలి కదా, వాటిల్లో యుద్ధం ఉంది, వేట ఉంది, నరికే ఘట్టం అయితే పది నిమిషాలుంది. పటం చూసి మురిసిపోయే చిత్రాంగి దరువు కోసం రెండుసార్లు వెనక్కి వెళ్ళి వెతికాను, ఒక్కదాంట్లోనూ దొరకలేదు.