ఆకుకో పేరు, కాండానికో పేరు

మన చేలల్లో జొన్న నిలబడి ఉన్నప్పుడు అంతా ఒకే మొక్క. కోత అయ్యాక దంటు చొప్ప అవుతుంది, కంకి వేరవుతుంది, కంకి కొడితే గింజలొస్తాయి. ఈ మూడూ ఒక మొక్కవేనని మనకు తెలుసు. జొన్నను ఎప్పుడూ చూడనివాళ్లకు ఇవి మూడు చోట్ల విడివిడిగా దొరికితే మూడు మొక్కలనుకుని మూడు పేర్లు పెడతారు. మొక్కల శిలాజాలకు పేర్లు పెట్టినవాళ్లకు వచ్చిన చిక్కు ఇదే.

మన సండూరు కొండల రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లకు పైనే. నేల మీద మొక్కలు వచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. అందుకే ఆ రాళ్లలో ఆకుల గుర్తులు ఉండవు. అయినా ఈ కథతో బళ్లారికి ఒక సంబంధం ఉంది. సంగనకల్లు కొండల దగ్గర పాత రాతి పనిముట్లను గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరుతో మన ఊళ్లో మ్యూజియం ఉంది కదా! ఆయన జియలాజికల్ సర్వేలో పనిచేశారు. ఒంగోలు వైపు తీరప్రాంతాన్ని కూడా సర్వే చేశారు. అక్కడి వేమవరంలో, ఏలూరు వైపు గొల్లపల్లిలో ఆకుల శిలాజాలు దొరికాయి.

వాటిని పరిశీలించి రాసింది ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్. ఆయన బొహీమియా దేశస్థుడు, 1875లో కలకత్తా వచ్చారు. గొల్లపల్లి మొక్కల మీద ఆయన పుస్తకం 1877లో అచ్చయింది. అందులో టైలోఫిల్లం అనే ఆకు ఉంది. గ్రీకులో ఆ పేరుకు ‘ఈక లాంటి ఆకు’ అని అర్థం. కచ్‌లో దొరికిన ఆకులను చూసి మోరిస్ 1840లో ఆ పేరు పెట్టారు. చూడటానికి తోటల్లో పెంచే సైకస్ ఆకులాగే ఉంటుంది.

కాండానికి బక్లాండియా అని వేరే పేరు. పువ్వు లాంటి భాగానికి 1870లో విలియమ్సోనియా అని ఇంకో పేరు వచ్చింది. 1913లో థామస్, బ్యాంక్రాఫ్ట్ శిలాజ ఆకుల పైపొరను మైక్రోస్కోపులో చూశారు. పత్రరంధ్రాల నిర్మాణం సైకస్‌లో ఉన్నట్టు లేదు. అంటే పైకి ఒకేలా కనిపించినా వంశం వేరు. 1932లో బీర్బల్ సాహ్ని రాజమహల్ కొండల శిలాజాలతో ఆకు, కాండం, పువ్వు కలిపి ఒకే మొక్కగా చూపించారు. దానికి తన గురువు సీవార్డ్ పేరు మీద విలియమ్సోనియా సీవార్డియానా అని పేరు పెట్టారు.

మరి పాత పేర్లు తీసేశారా? లేదు. ఆకు ఒక్కటే దొరికితే ఇప్పటికీ టైలోఫిల్లం అనే అంటారు. అది ఏ మొక్కదో రుజువు లేనప్పుడు మొక్క మొత్తం పేరు పెట్టకూడదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ నిజాయితీయే. తెలిసినంత వరకే పేరు, రుజువు దొరికాకే కలపడం.

చరిత్రకూ ఇదే పద్ధతి కావాలి. 1953 అక్టోబరు 1న మన జిల్లా ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరులో కలిసింది. ఇప్పటి మ్యాపు ఒక్కటే చూసినవాళ్లు “కర్ణాటకలో తెలుగు బడి ఏంటి?” అని అడుగుతారు. వాళ్ల చేతిలో ఉన్నది ఆకు మాత్రమే. కాండం ఎక్కడుందో చూపించాల్సింది మనమే. కోపంతో కాదు, సాహ్ని గారిలా రుజువుతో.