జిస్మ్ లేని సంగీతమా? ప్రోగ్రెసివ్ రాక్ మీద ఒక పాత ఇల్జామ్

రాక్ సంగీతం మీద షౌక్ ఉన్నవాళ్ల మధ్య యాభై ఏళ్లుగా ఒక బహస్ నడుస్తోంది. ప్రోగ్రెసివ్ రాక్‌లో అంతా దిమాగే, జిస్మ్ లేదని కొందరి ఇల్జామ్. కోరిక లేని, ఆడలేని, పొడి సంగీతం అంటారు వాళ్లు. అందుకే అది శరీఫ్ సంగీతం, అమ్మీ అబ్బా ముందు కూడా వినొచ్చని ఇంకొందరి తారీఫ్. ఒకరు తిడుతున్నారు, ఒకరు మెచ్చుకుంటున్నారు. కానీ ఇద్దరూ నమ్మేది ఒక్కటే: ఆ సంగీతంలో ఆడామగా మధ్య ఉండే ఖ్వాహిష్ లేదని.

మన ఇళ్లలో కూడా పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో వింటుంటే మనం ముందు అడిగేది పాటలో మాటలు ఎట్లా ఉన్నాయనే. మాటలు సాఫ్‌గా ఉంటే పాట సాఫ్ అనుకుంటాం. ఈ తరాజూ సరైనదేనా? దోస్తులారా, ఆ సవాల్ మనసులో పెట్టుకుని ఈ తవారీఖ్ చదవండి.

1969 జూలై 5. లండన్‌లో హైడ్ పార్క్. టికెట్ లేని కచేరీ కాబట్టి లక్షల మంది వచ్చారు. వాళ్లంతా వచ్చింది రోలింగ్ స్టోన్స్ కోసం. వాళ్లకంటే ముందు అదే స్టేజీ మీద కింగ్ క్రిమ్సన్ అనే కొత్త బ్యాండు వాయించింది. దాని గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ స్టూలు మీద కూర్చుని వాయించేవాడు. గంతులు లేవు, నడుము ఊపడం లేదు. లెక్కల పరీక్ష రాస్తున్న విద్యార్థిలా గిటార్ మీదే నిగాహ్. తర్వాత మిక్ జాగర్ వచ్చాడు. తెల్లటి కుర్తాలాంటి, ఆడపిల్లల ఫ్రాకులాంటి లిబాస్ వేసుకుని, రెండు రోజుల కిందటే చనిపోయిన సాథీ బ్రయాన్ జోన్స్ కోసం షెల్లీ కవిత చదివి, ఆ తర్వాత స్టేజీ అంతా కలియతిరిగాడు. ఒకే రోజు, ఒకే స్టేజీ, రెండు దార్లు. అక్టోబర్‌లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చాక, కూర్చుని వాయించే ఆ దారికి జనం ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు పెట్టుకున్నారు.

మొదటి దారి ఎక్కడిదో చూద్దాం. రాక్, రోల్ అనే మాటలు అమెరికా నల్లజాతి బస్తీల జబాన్‌లోవి. నాట్యం అనీ అర్థం, పడకగది అనీ అర్థం. 1922లో ట్రిక్సీ స్మిత్ అనే గాయని రికార్డు చేసిన ఒక బ్లూస్ పాట పేరులోనే ఆ రెండు మాటలూ ఉన్నాయి. మరుసటి ఏడాది బెస్సీ స్మిత్, మా రెయినీ రికార్డులు మొదలయ్యాయి. ఆ ఔరత్‌లు తమ కోరిక గురించి, మోసం చేసిన మగాడి గురించి, వదిలేసి పోయే తమ హక్కు గురించి తామే పాడుకున్నారు.

దాన్ని బేషర్మీ అని కొట్టిపారేసినోళ్లు ఆ రోజుల్లోనే చాలామంది. కానీ వాళ్ల ముందు తరాల హాలత్ గుర్తుచేసుకోండి. 1865 దాకా గులామీ. ఎవరితో కాపురం చెయ్యాలో, పుట్టిన బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో కూడా మాలిక్ చేతిలో. అట్లాంటి ఖౌమ్‌కి తన మనిషిని తాను ఎంచుకోవడం కంటే పెద్ద ఆజాదీ ఏముంటుంది? ఏంజెలా డేవిస్ 1998లో బ్లూస్ గాయనుల మీద రాసిన కితాబ్‌లో చెప్పింది ఇదే. వాళ్ల పాటల్లో జిస్మ్ గురించిన మాట ఆజాదీ గురించిన మాట కూడా.

అదే సంగీతం తెల్ల కుర్రాళ్ల చేతికి వచ్చేసరికి అర్థం కొంచెం జరిగింది. 1957 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీని ఎడ్ సల్లివన్ టీవీ షోలో నడుము పైనుంచే చూపించారు. పదేళ్ల తర్వాత అదే షోలో రోలింగ్ స్టోన్స్ చేత ఒక పాటలో రాత్రి అనే మాట తీసేయించి పాడించారు. టీవీ వాళ్లకు భయం నడుముతో, రాత్రితో. కుర్రాళ్లకు ఆ భయమే మార్కెట్. ఒకప్పుడు ఔరత్ తన ఆజాదీగా పాడింది, ఇప్పుడు చాలా పాటల్లో మగపిల్లల మర్దానగీ డప్పుగా మారింది. ఔరత్ వాటిలో పాడే మనిషిగా లేదు, పాడించుకునే వస్తువుగా ఉంది.

ఇక రెండో దారి. ప్రోగ్రెసివ్ రాక్ వాయించినోళ్లు ఎక్కడినుంచి వచ్చారు? జెనసిస్ బ్యాండుని మొదలుపెట్టిన పీటర్ గేబ్రియల్, టోనీ బ్యాంక్స్, మైక్ రదర్‌ఫర్డ్ చార్టర్‌హౌస్ బడి పిల్లలు. అది 1611లో పుట్టిన ఖాందానీ బోర్డింగ్ స్కూలు. వాళ్లు చదివేనాటికి అంతా మగపిల్లలే. యెస్ బ్యాండులో బాస్ గిటార్ వాయించిన క్రిస్ స్క్వైర్ చిన్నప్పుడు చర్చి కోయిర్‌లో పాడినవాడు. అందరూ నవాబుల బిడ్డలేం కాదు. అదే యెస్‌లో పాడిన జాన్ యాండర్సన్ అక్రింగ్టన్ అనే మిల్లుల ఊరివాడు, లారీ నడిపి బతికినవాడు. అయినా ఈ సంగీతానికి గిజా బ్లూస్ నుంచి తక్కువ, చర్చి ఆర్గన్ నుంచి, బడిలో చదివిన గ్రీకు కథల నుంచి, యూరప్ క్లాసికల్ నుంచి ఎక్కువ వచ్చింది.

నాట్యం ఎందుకు పోయిందో కూడా తేలిగ్గానే తెలుస్తుంది. మామూలు రాక్ పాట నాలుగు దెబ్బల లెక్క. కాళ్లు తమంతట తామే కదులుతాయి. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాట చాలావరకు ఏడు దెబ్బల మీద నడుస్తుంది. జెనసిస్ 1972లో చేసిన 'సప్పర్స్ రెడీ' 23 నిమిషాల పాట, అందులో ఒక భాగం తొమ్మిది లెక్క. క్లబ్బులో ఆడే కుర్రాడికి ఆ లెక్క కాళ్లకు అందదు. కూర్చుని వినాల్సిందే.

కానీ లెక్క మారితే ఇష్క్ పోతుందా? మనవాళ్లు ఏడు మాత్రల రూపక్ తాల్‌లో ఎన్ని గజళ్లు పాడుకోలేదు! ఏడు మాత్రల మీద మాషూక్ జుల్ఫుల గురించి నిక్షేపంగా పాడొచ్చు. ప్రోగ్రెసివ్ రాక్‌లో పోయింది క్లబ్బు నాట్యం. ఖ్వాహిష్ పోలేదు. అది నఖాబ్ వేసుకుంది.

గేబ్రియల్‌నే చూడండి. 1972లో డబ్లిన్ కచేరీ మధ్యలో స్టేజీ దిగి వెళ్లి, భార్య ఎర్ర గౌను తొడుక్కుని, తలకు నక్క ముఖం పెట్టుకుని తిరిగొచ్చాడు. ముందుగా చెప్పలేదు కాబట్టి తోటివాళ్లు కూడా నివ్వెరపోయారు. దానికి ముందు ఏడాది ఆల్బమ్‌లో సాల్మసిస్ అనే జలకన్య కథ ఉంది. ఆమె ఇష్క్ ఎంత జిద్దుగా పట్టుకుందంటే, ఆమె, ఆ కుర్రాడు కలిసి ఒకే శరీరం అయిపోతారు. ఆడా కాదు, మగా కాదు. 1973 ఆల్బమ్‌లోని ఒక పాటలో టైరీసియస్ వస్తాడు. గ్రీకు కథల్లో కొన్నాళ్లు మగవాడిగా, కొన్నాళ్లు ఆడమనిషిగా బతికినవాడు. 1974లో ఒక పాట మొత్తం, ఆడమనిషిని కితాబ్ చదివి నేర్చుకుందామని బయలుదేరి అభాసుపాలైన కుర్రాడి గురించే. మగపిల్లల బోర్డింగ్‌లో పెరిగినవాళ్లు తమ మీద తామే వేసుకున్న లతీఫాలా ఉంటుంది.

మామూలు రాక్‌లో గాయకుడికి తన మర్దానగీ మీద షక్ లేదు. మగాడంటే ఏంటో, ఔరత్ అంటే ఏంటో తనకు తెలుసనుకుంటాడు. జెనసిస్ కుర్రాళ్లకు తెలియదు. తెలియదనే సంగతి పాటలో పెట్టారు. నా లెక్కలో అది కూడా జిస్మ్ గురించిన మాటే, కొంచెం ఎక్కువ నిజాయితీ ఉన్న మాట.

'సప్పర్స్ రెడీ' సంగతే తీసుకోండి. పాట ఒక ఇంట్లో, ఒకరినొకరు చూసుకుంటున్న ఇద్దరు ప్రేమికులతో మొదలవుతుంది. ఆఖరికి కియామత్ దాకా, ఇంజీల్ చివరి భాగంలోని కొత్త జెరూసలేం దాకా వెళ్తుంది. యెస్ బ్యాండు 1973లో చేసిన నాలుగు పాటల డబుల్ ఆల్బమ్‌కి మూలం పరమహంస యోగానంద ఆత్మకథలో పేజీ కింద ఉన్న ఒక చిన్న వివరణ. దాంట్లో రూహ్ తప్ప ఇల్లు కనపడదు. జెనసిస్ మాత్రం ఇంటినుంచి బయలుదేరింది. ఇష్క్-ఎ-మజాజీ నుంచి ఇష్క్-ఎ-హకీకీకి పోయే సఫర్ మన గజల్ చదువుకున్నవాళ్లకు కొత్త కాదు గదా.

ఇంతవరకు నేను ఆ కుర్రాళ్ల తరఫున వకాలత్ చేశాను. ఇప్పుడు ఇంకో వైపు గవాహి.

1973 జనవరిలో పింక్ ఫ్లాయిడ్ వాళ్లు లండన్ అబీ రోడ్ స్టూడియోకి క్లేర్ టోరీ అనే యువ గాయనిని పిలిపించారు. రిక్ రైట్ పియానో మీద కట్టిన బాణీ ఒకటుంది. విషయం మౌత్. మాటలు లేవు, ఏదో ఒకటి పాడమన్నారు. ఆమె తన గొంతునే ఒక వాద్యం అనుకుని, రెండు మూడు సార్లు పాడి వెళ్లిపోయింది. విన్నవాళ్లలో కొందరికి అది మరణవేదన, కొందరికి ఇష్క్ ఆఖరి అంచు. జిస్మ్ లేదని పేరుపడ్డ సంగీతంలో ఇంతకంటే జిస్మ్ నిండిన ఆవాజ్ దొరకదు. అందులో ఒక్క మాట కూడా లేదు, సెన్సార్ చెయ్యడానికి.

దానికి ఆమెకు ముట్టిన మజ్దూరీ 30 పౌండ్లు. ఆ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', కోట్లలో అమ్ముడుపోయింది. పాట కట్టినవాడిగా రైట్ పేరొక్కటే ఉండేది. 2004లో ఆమె ముకద్దమా వేసింది. 2005లో సులహ్ కుదిరింది. ముప్పై రెండేళ్ల తర్వాత రైట్ పక్కన టోరీ పేరు వచ్చింది.

ప్రోగ్రెసివ్ రాక్‌లో అసలు కమీ ఇక్కడుంది. రెనెసాన్స్ బ్యాండులో యానీ హాస్లమ్, కర్వ్‌డ్ ఎయిర్‌లో సోన్యా క్రిస్టీనా లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే ఔరత్ ఆవాజ్ దాదాపు లేదు. పాటల్లో దేవతలున్నారు, జలకన్యలున్నారు. పక్కన కూర్చుని బాణీ కట్టే ఆడమనిషి లేదు. మర్దానగీ డప్పు కొట్టినవాళ్లు ఆమెను హవస్‌తో చూశారు, అదబ్‌తో ఉన్నవాళ్లు ఆమెను ఖయాల్‌గా మార్చుకున్నారు. ఇద్దరూ ఆమెను మాట్లాడనివ్వలేదు. బెస్సీ స్మిత్ యాభై ఏళ్ల ముందే మాట్లాడిందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

దానికి జవాబ్ ఒక అమ్మాయి ఇచ్చింది. కేట్ బుష్ బడికి వెళ్లే రోజుల్లోనే ఆమె పాటలు విన్న పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్, తన ఖర్చుతో వాటిని రికార్డు చేయించాడు. 1978లో ఎమిలీ బ్రాంటీ నవల మీద తాను రాసి పాడిన పాటతో ఆమె బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. తాను రాసుకున్న పాటతో అక్కడ ఆ స్థానానికి చేరిన మొదటి ఔరత్ ఆమే. వయసు 19. ప్రోగ్రెసివ్ రాక్ నేర్పిన పేచీ బాణీలు, కితాబ్ కథలు అన్నీ అందులో ఉన్నాయి. కోరిక మాత్రం ఈసారి ఆమెది.

1986లో నక్క ముఖం తీసేసిన గేబ్రియల్ ఆమెతో కలిసి 'డోంట్ గివ్ అప్' పాడాడు. పని పోయి, ఇజ్జత్ పోయిందని కుంగిపోయిన మగాడు, అతనికి ధైర్యం చెప్పే ఔరత్. ఆ వీడియోలో పాట అయ్యేదాకా ఇద్దరూ ఒకరినొకరు హత్తుకుని నిలబడే ఉంటారు. జిస్మ్ ఉంది, హవస్ లేదు. మాట ఇద్దరికీ ఉంది.

పాట సాఫ్‌గా ఉందా లేదా అని అడగడం తప్పు కాదు, అడగండి. దాంతోపాటు ఇంకొకటి కూడా అడగండి: ఇందులో ఆడమనిషి తన మాట తాను చెప్పుకుంటోందా? పాడినందుకు ఆమె పేరు, ఆమె హక్కు ఆమెకు దక్కాయా? మాటల్లో హయా ఉన్నంత మాత్రాన ఇన్సాఫ్ జరిగినట్టు కాదు. ఒక్క మాట కూడా లేకుండా పాడిన క్లేర్ టోరీకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.