వేలి కింద నిలిచిన పాత వరుస: వర్చువల్ మెషీన్లలో బ్రెయిలీ డిస్‌ప్లే చరిత్ర

కంప్యూటర్ తెరపై ఉన్న పాఠాన్ని చుక్కలుగా మార్చి వేలికొనకు అందించే పరికరాన్ని బ్రెయిలీ డిస్‌ప్లే అంటారు. దాని ముఖభాగంలో సాధారణంగా 20, 40 లేదా 80 సెల్‌లు ఒకే వరుసలో అమరి ఉంటాయి. ఒక్కొక్క సెల్‌లో ఎనిమిది సన్నని మొనలు ఉండి, ఏ అక్షరానికి ఏ చుక్కలు కావాలో అవి మాత్రమే పైకి లేస్తాయి. వీటిని లేపేది పీజో విద్యుత్ ధర్మం గల పలుచని పట్టీ. అంటే విద్యుత్ పీడనం సోకగానే వంగే పదార్థం. పీజో విద్యుత్ ధర్మాన్ని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు జాక్, పియెర్ గుర్తించారు. సుమారు 200 వోల్టులు అందగానే పట్టీ వంగి మొనను లేపుతుంది, ఆ పని కనురెప్పపాటులో ముగుస్తుంది. కాబట్టి డిస్‌ప్లే నెమ్మదించిందని చదువరి వాపోయినప్పుడు, తప్పు సెల్‌లో ఉండడం అరుదు. అది దాదాపు ఎప్పుడూ కంప్యూటరుకూ సెల్‌కూ మధ్య నడిచే సంభాషణలోనే ఉంటుంది.

ఆ సంభాషణలో సాగే సమాచారం నిజానికి అత్యల్పం. లూయీ బ్రెయిల్ 1824 నాటికి రూపొందించి 1829లో ప్రచురించిన లిపిలో సెల్‌కు ఆరు చుక్కలు. కంప్యూటర్ కోసం మరో రెండు చేరడంతో 256 కలయికలు ఏర్పడి, ఒక సెల్ సరిగ్గా ఒక బైటులో ఇమిడింది. 40 సెల్‌ల వరుసకు 40 బైట్లు, వాటికి తోడు కొద్దిపాటి శీర్షిక చాలు. అయినా ఆలస్యం ఎందుకు కలుగుతుందన్న ప్రశ్నకు జవాబు సీరియల్ పోర్టు కాలంలో ఉంది.

1980ల తొలినాళ్లలో అమెరికాలో టెలిసెన్సరీ సంస్థ తెచ్చిన వెర్సాబ్రెయిల్ 20 సెల్‌లతో, క్యాసెట్ టేపుపై పాఠాన్ని దాచుకుంటూ పనిచేసేది. దానినీ ఆ తరువాతి డిస్‌ప్లేలనూ కంప్యూటరుకు కలిపినది సీరియల్ తీగ. సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక బైటుకు పది బిట్ల చొప్పున లెక్కిస్తే, 40 సెల్‌ల వరుస చేరడానికి సుమారు 42 మిల్లీసెకన్లు, 80 సెల్‌లకు 83 మిల్లీసెకన్లు పట్టేవి. తీగలో బైటు జారిపోతే చదువరి తప్పు అక్షరాన్ని తాకుతాడు గనుక, అనేక పరికరాల్లో వరుస అందిందని డిస్‌ప్లే రసీదు పంపే ఆచారం స్థిరపడింది. ఆ రసీదు వచ్చేదాకా స్క్రీన్ రీడర్, అంటే తెరను చదివి వినిపించే లేదా చుక్కలకెక్కించే సాఫ్ట్‌వేర్, తరువాతి వరుసను ఆపి ఉంచేది. ఆనాటి తీగకు ఆ జాగ్రత్త అవసరమే.

యూఎస్‌బీ వచ్చాక కూడా ఆ ఆచారం పోలేదు. పలు పరికరాల్లో పాత భాషను అలాగే ఉంచి, సీరియల్ సంకేతాన్ని యూఎస్‌బీగా మార్చే చిప్ ఒకటి చేర్చారు. బాగా వాడుకలో ఉన్న ఎఫ్‌టీడీఐ చిప్ 62 బైట్ల డేటా నిండేదాకా, లేదా 16 మిల్లీసెకన్లు గడిచేదాకా వేచి చూసి అప్పుడు కంప్యూటరుకు పంపుతుంది. రసీదు రెండు మూడు బైట్లే కావడంతో ఆ 62 బైట్లు ఎప్పుడూ నిండవు, ప్రతిసారీ గడువు తీరేదాకా ఆగవలసిందే. ఈ గడువును డ్రైవరులో ఒక మిల్లీసెకనుకు తగ్గించవచ్చన్నది చాలామందికి తెలియని సులువైన చికిత్స.

ఈ నిదానాన్ని మరింత పెంచినది వర్చువల్ మెషీన్. ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించిన మరో కంప్యూటరుకు అది పేరు. ఐబీఎం 1960లలో కేంబ్రిడ్జ్‌లో మొదలుపెట్టిన ఆలోచనను 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ సాధారణ కంప్యూటర్లకు తెచ్చింది. లోపలి యంత్రం యూఎస్‌బీ అభ్యర్థన పంపితే, అది ముందు కల్పిత నియంత్రికకు, అక్కడినుంచి బయటి యంత్రపు ఆపరేటింగ్ వ్యవస్థకు, చివరికి పరికరానికి చేరి, రసీదు అదే దారిలో వెనక్కి రావాలి. యూహెచ్‌సీఐ అనే పాత నియంత్రిక ప్రతి మిల్లీసెకనుకూ పనుల పట్టికను తిరగేయాలి గనుక, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడం ప్రాసెసరుకు భారం. ఫలితం వేలికి స్పష్టంగా తెలుస్తుంది: చదువరి ముందుకు జరిపే మీట నొక్కుతాడు, వేలి కింద పాత వరుసే ఉంటుంది, నొక్కు పడలేదేమోనని మళ్లీ నొక్కుతాడు, రెండు నొక్కులూ ఒకేసారి అమలై ఒక వరుస చదవకుండానే దాటిపోతుంది. తెర కాస్త వెనకబడితే కన్ను సర్దుకుంటుంది. వేలు మాత్రం పాత అక్షరాన్నే నిజమని నమ్ముతుంది. అందుకే ఈ లోపాన్ని చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయడం అన్యాయం.

వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో ఎక్స్‌హెచ్‌సీఐ నియంత్రికను ఎంచుకోవడం మొదటి ఉపశమనం; పని ఉన్నప్పుడే డోర్‌బెల్ అనే రిజిస్టరు ద్వారా కబురందుకునే ఆ నియంత్రిక పట్టికను ఊరకే తిరగేయదు. అయితే అసలైన మలుపు వేరే దిక్కునుంచి వచ్చింది. 1995లో నిఖిల్ నాయర్ లినక్స్ కోసం ప్రారంభించిన బీఆర్‌ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేరుకు తరువాత బీఆర్‌ఎల్ఏపీఐ అనే మధ్యవర్తి సేవ తోడైంది. ఇతర ప్రోగ్రాములు డిస్‌ప్లేను నేరుగా తాకకుండా, నెట్‌వర్కులోని 4101 పోర్టు ద్వారానైనా, తమ చుక్కలను దానికి అప్పగించవచ్చు. 2008లో సామ్యూల్ తిబో క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేరులో బౌమ్ సంస్థ తరహా కల్పిత డిస్‌ప్లేను రాశాడు. నువ్వెవరు, నీకు సెల్‌లు ఎన్ని అని లోపలి యంత్రం అడిగితే ఆ కల్పిత పరికరమే అక్కడికక్కడ బదులిస్తుంది. చుక్కలు మాత్రం బీఆర్‌ఎల్ఏపీఐ ద్వారా బయటి యంత్రానికి వెళ్తాయి, నిజమైన పరికరంతో సంభాషణ బయటే జరుగుతుంది. రెండు యంత్రాల మధ్య హద్దును దాటవలసినది తీగలోని సంకేతం కాదు, చదవవలసిన వరుస మాత్రమేనన్న గ్రహింపు ఇందులో ఉంది. ఈ చరిత్రలో అంతకంటే విలువైన ఆలోచన మరొకటి కనిపించదు.

2018లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ బ్రెయిలీ డిస్‌ప్లేలకు ఉమ్మడి హెచ్ఐడీ (కీబోర్డు వంటి పరికరాల తరగతి) ప్రమాణం ప్రకటించడంతో సంస్థకొక సొంత భాష అనే చిక్కు తగ్గడం మొదలైంది. తెలుగు చదువరికి వేగం మరింత ముఖ్యం. 1951 నాటి భారతి బ్రెయిలీలో గుణింతపు గుర్తు వేరే సెల్‌ను ఆక్రమిస్తుంది; ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటకు ఆరు సెల్‌లు కావాలి, కాబట్టి వరుసను జరిపే అవసరం తరచుగా వస్తుంది. దీనికి తోడు బీఆర్‌ఎల్ఏపీఐకి చుక్కలు కాక పాఠమే పంపితే, దాన్ని చుక్కలుగా మార్చేది బయటి యంత్రంలోని పట్టిక. అది ఇంగ్లీషుకే అమర్చి ఉంటే, లోపలి యంత్రంలో తెలుగు ఎంత చక్కగా ఉన్నా వేలికి అందదు, గనుక తెలుగు పట్టికను బయటి యంత్రంలోనే ఎంచుకోవాలి.