బియ్యం గింజంత కాపలాదారు: ఇమ్మొబిలైజర్ కథ, అరకు ఘాట్ నుంచి

మన ఛానల్‌లో ఎక్కువగా కోటలు, శాసనాలు, యుద్ధాల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న వస్తువు చరిత్ర చెప్తాను. సైజు సుమారు బియ్యం గింజంత. మీ కారు తాళం చెవికి పైన నల్ల ప్లాస్టిక్ ఉంటుంది చూశారా, దాని లోపల కూర్చుని ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. దాన్ని నమ్ముకుని పనిచేసే వ్యవస్థ పేరు ఇమ్మొబిలైజర్, అంటే బండిని కదలనివ్వనిది. పేరుకి తగ్గట్టే పనిచేస్తుంది, ఒక్కోసారి ఓనర్ మీద కూడా.

ముందు ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. అరకు, పాడేరు వైపు సంతలకి జనాన్ని తీసుకెళ్లే పాత జీపులు మీరు చూసే ఉంటారు. లోపల పట్టినంత మంది, వెనక వేలాడేవాళ్లు కొంతమంది, టాప్ మీద బస్తాలు. ఆ డ్రైవర్లలో పాతవాళ్లు బండిని ఎప్పుడూ ముక్కు పల్లానికి పెట్టి ఆపేవాళ్లు. ఎందుకంటే బ్యాటరీ ఉన్నా లేకపోయినా, బ్రేక్ వదిలి, రెండో గేర్‌లో క్లచ్ వదిలితే చాలు, ఇంజన్ అందుకుంటుంది. పాత డీజిల్ జీపుకి ఇంజన్ తిరగడం మొదలయ్యాక కరెంటుతో పని లేదు. పంపు మెకానికల్. ఆపాలంటే కూడా ఒక నాబ్ లాగి డీజిల్ కట్ చేయడమే. తాళం చెవి అనేది ఒక మర్యాద, అంతే. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒక యాభై ఏళ్ల పాటు, మన కొండల్లో బండి అంటే ఇదే పద్ధతి. స్పానర్, తీగముక్క, ఒక పల్లం. ఈ మూడూ ఉంటే ఇల్లు చేరొచ్చు.

ఇప్పుడు నా కారు సంగతి. నాది సెకండ్ హ్యాండ్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, వైజాగ్‌లో కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. కొన్నప్పటి నుంచి దానికి ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఒక నెల పవర్ విండో, ఒక నెల రేడియేటర్ ఫ్యాన్. కిందటి డిసెంబర్‌లో షూటింగ్‌కి అరకు వెళ్లి వస్తూ అనంతగిరి దాటాక టీ కోసం ఆపాను. పది నిమిషాల తర్వాత కీ తిప్పితే ఇంజన్ స్టార్ట్ అయింది, ఒక్క సెకను తిరిగింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. మీటర్ దగ్గర తాళం చెవి బొమ్మ ఉన్న చిన్న లైటు టకటకా కొట్టుకుంటోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

బండి పల్లంలోనే ఉంది. టీ కొట్టు దగ్గర ఉన్న ఇద్దరు కుర్రాళ్లు తోశారు. ఇంజన్ తిరిగింది గానీ అందుకోలేదు. అందుకోదు కూడా. చక్రాలు ఇంజన్‌ని ఎంత తిప్పినా, ఇంజెక్టర్లకి పెట్రోల్ వదలమని చెప్పాల్సింది కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కి నేను ఎవరో తెలియట్లేదు. ఘాట్ రోడ్డు అంతా పల్లమే, కానీ ఆ పల్లం నాకు పనికి రాలేదు.

అరకు వైపు నుంచి టూవీలర్ మీద ఒక మెకానిక్ అన్న వచ్చాడు. జీపుల మెకానిక్ అట. బానెట్ ఎత్తి చూశాడు, దించేశాడు, లైటు చూశాడు, ఒకటే మాట అన్నాడు: "బండికేటీ నేదు బాబూ. నిన్నే గుర్తు పట్టడం నేదు." ఇంజనీరింగ్ నాలుగేళ్లు, ఉద్యోగం ఐదేళ్లు చేసిన నేను ఆథెంటికేషన్ ఫెయిల్యూర్ అనే దాన్ని ఇంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. తాళం పెట్టే రంధ్రం చుట్టూ, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ లోపల, ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది. మీరు కీ పెట్టి తిప్పగానే ఆ చుట్ట చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, 125 కిలోహెర్ట్జ్ దగ్గరలో. కీలో ఉన్న చిప్‌కి సొంత బ్యాటరీ లేదు, ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని మేలుకుంటుంది. చాలామంది రిమోట్ బ్యాటరీ అయిపోయి బండి స్టార్ట్ అవ్వట్లేదు అనుకుంటారు. ఇలా కీ పెట్టి తిప్పే కార్లలో ఆ బ్యాటరీ డోర్ లాక్ కోసం మాత్రమే, ఈ చిప్‌కి దాంతో సంబంధం లేదు. పాత రకం చిప్పులు తమ నంబర్ చెప్పి ఊరుకునేవి. తర్వాత వచ్చినవి సంకేత పరీక్ష పెట్టాయి. కారు ఒక అంకె పంపుతుంది, చిప్ తన దగ్గర ఉన్న రహస్యంతో దాన్ని మార్చి తిరిగి పంపుతుంది, కారు తను చేసిన లెక్కతో పోల్చి చూస్తుంది. సరిపోతే పెట్రోల్, లేకపోతే లేదు. ఇదంతా మీరు రెప్ప వేసేలోపు అయిపోతుంది.

ఇప్పుడు చరిత్ర. బండిని ఎలక్ట్రానిక్స్‌తో కాపాడాలన్న ప్రయత్నం ఎక్కువమందికి చేరింది అమెరికాలో, 1986 మోడల్ కార్వెట్‌తో. జనరల్ మోటార్స్ వాళ్లు తాళం చెవి పళ్ల దగ్గర ఒక చిన్న రెసిస్టర్ పెట్టారు. 15 రకాల విలువలు, మీ కారుకి అందులో ఒకటి. తప్పు విలువ ఉన్న కీ పెడితే కొన్ని నిమిషాలు అసలు స్టార్ట్ కానివ్వదు. పదిహేనే కదా అని నవ్వొద్దు. ప్రతి తప్పుకీ నిమిషాలు ఆగాలంటే దొంగకి చిరాకు వస్తుంది, దొంగకి కావాల్సింది టైమే.

అసలు ఊపు వచ్చింది యూరప్‌లో. బెర్లిన్ గోడ 1989లో పడ్డాక సరిహద్దులు తెరుచుకున్నాయి. జర్మనీలో కార్ల దొంగతనాలు బాగా పెరిగాయి, దొంగిలించినవి తూర్పు వైపు వెళ్లిపోయేవి. నష్టం కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీలు కాబట్టి ముందు అరిచింది వాళ్లే. 1990ల మొదట్లో వాళ్ల ఒత్తిడి మీద జర్మన్ కార్లలో ఈ చిప్పులు వచ్చాయి. తర్వాత 1995లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం ఇచ్చింది, 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే దారి పట్టాయి. ఫలితం కూడా కనిపించింది. నెదర్లాండ్స్ లెక్కలు తీసుకుని వాన్ అవర్స్, వోల్లార్డ్ అనే ఆర్థికవేత్తలు చూస్తే, దీని వల్ల కారు దొంగతనం జరిగే అవకాశం దాదాపు 40 శాతం తగ్గిందని తేలింది.

కాబట్టి నేను ఈ వస్తువుని తిట్టడానికి రాలేదు. ఇది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఉన్న మన వాళ్లని అడగండి. కియా అంటే మనకి పెనుకొండ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అదే కియా, దాని అన్న హ్యుందాయ్, అమెరికాలో 2011 నుంచి 2021 మధ్య కీ తిప్పి స్టార్ట్ చేసే చాలా మోడళ్లని ఇమ్మొబిలైజర్ లేకుండానే అమ్మాయి, అక్కడ చట్టం అడగలేదు కాబట్టి. 2015 మోడల్ కార్లు చూస్తే, మిగతా కంపెనీల్లో 96 శాతం మోడళ్లకి అది స్టాండర్డ్‌గా ఉంటే ఈ రెండింటిలో 26 శాతానికే ఉంది. 2022 నాటికి యూఎస్‌బీ కేబుల్ ముక్కతో ఆ కార్లు ఎలా స్టార్ట్ చేయాలో పిల్లలు వీడియోలు పెట్టుకున్నారు, దేశమంతా దొంగతనాలు, యాక్సిడెంట్లు, చావులు. 2023 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అంటాం చూడండి, అలా. పక్కనే ఉన్న కెనడాలో అవే కంపెనీల కార్లకి ఈ గొడవ లేదు, అక్కడ చట్టం ఉంది.

మరి నిజంగా దీన్ని ఎవరూ పగలగొట్టలేరా? పగలగొట్టారు. 2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ రహస్యం 40 బిట్లే అని చూసి, 16 ఎఫ్‌పీజీఏ బోర్డులు పక్కపక్కన పెట్టి గంటలోపు దాన్ని బయటికి లాగారు, ఒక ఫోర్డ్ కారు స్టార్ట్ చేసి చూపించారు. తర్వాత మెగామోస్ క్రిప్టో అనే ఇంకో చిప్. దానిలో లోపం పట్టుకున్న గార్సియా, వెర్డుల్ట్, ఎగే అనే ముగ్గురి పరిశోధన పత్రాన్ని 2013లో ఫోక్స్‌వ్యాగన్ లండన్ హైకోర్టుకి వెళ్లి ఆపించింది. రెండేళ్ల తర్వాత, 2015లో గానీ అది బయటికి రాలేదు. నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడదు. తాళం బలహీనం అని ఓనర్‌కి తెలియకూడదు, కంపెనీకి మాత్రం తెలియాలి.

ఇక్కడ మళ్లీ కొండకి వద్దాం. ఎందుకంటే నా మనసులో అసలు విషయం ఇదే. తూర్పు కనుమల్లోకి వచ్చినవి ఎవరి అవసరం కోసం వచ్చాయో చూడండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు బ్రిటిష్ ప్రభుత్వం వేయించింది. గూడెం డిప్యూటీ తాసిల్దార్ బాస్టియన్ కూలీ సరిగ్గా ఇవ్వకుండా గిరిజనుల చేత ఆ పని చేయించాడు. ఆ మంట 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేయడానికి ఉన్న కారణాల్లో ఒకటి. 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వచ్చింది, 58 సొరంగాలు, శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తు. అద్భుతమైన ఇంజనీరింగ్, అందులో డౌట్ లేదు. కానీ దాన్ని వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు దాకా దించి జపాన్‌కి పంపడానికి. బొర్రా స్టేషన్‌లో మనం దిగి ఫోటోలు తీసుకోవడం తర్వాత సంగతి.

తాళం చెవిలో చిప్ కూడా ఆ వరసలోదే. జర్మన్ ఇన్సూరెన్స్ కంపెనీ భయం కోసం పుట్టింది. దాని లెక్క ప్రకారం ఓనర్‌కి రెండు కీలు ఉంటాయి, సెక్యూరిటీ కోడ్ కాగితం ఉంటుంది, పక్క వీధిలో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఉంటుంది. జర్మనీలో కొత్త కారు కొన్నవాడికి ఇవన్నీ ఉంటాయి. మన దగ్గర మూడో చేతికి వచ్చిన కారుకి ఒక్క కీ ఉంటుంది, రెండోది మొదటి ఓనర్ ఎక్కడో పారేశాడు. కోడ్ సంగతి మధ్యలో బ్రోకర్‌కి కూడా తెలియదు. స్కానర్ వైజాగ్‌లో ఉంటుంది. మన ఇన్సూరెన్స్ పాలసీలో ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు 2.5 శాతం, అదీ 500 రూపాయలు మించకుండా. ఘాట్ నుంచి ఒక్కసారి టోయింగ్‌కి అయ్యే ఖర్చులో అది ఏ మూలకి?

నాలాంటివాడికి ఇది ఒక మధ్యాహ్నం పాడైపోవడం. అదే కొండ మీద ఊరి నుంచి పాడేరు ఆసుపత్రికి మనిషిని దించాల్సిన రాత్రి అయితే? రోడ్డు లేని ఊళ్ల నుంచి డోలీలో మోసుకొచ్చే వార్తలు మనం ఏటా చూస్తున్నాం. అలా రోడ్డు దాకా మోసుకొచ్చాక దొరికేది చాలాసార్లు ఇలాంటి పాత బండే. అది స్టార్ట్ కాకపోతే, డ్రైవర్‌కి ఇంజన్ మొత్తం విప్పి బిగించడం వచ్చినా లాభం లేదు. జీపు కాలంలో ఆ పరిజ్ఞానం కొండ మీదే ఉండేది. ఇప్పుడు దాన్ని పాస్‌వర్డ్ పెట్టి కింద ఊళ్లో దాచారు.

మెకానిక్ అన్న ఏం చేశాడో చెప్పలేదు కదా. నన్ను ముందు కీ గుత్తి విడదీయమన్నాడు, ఇంకో చిప్ ఉన్న కీ పక్కనే వేలాడితే కూడా సిగ్నల్ చెడుతుంది అని. తేడా రాలేదు. స్టీరింగ్ కింద కవర్ రెండు స్క్రూలు తీసి, ఆ రాగి చుట్ట నుంచి వచ్చే కనెక్టర్ లాగి, తుడిచి, గట్టిగా నొక్కి, "ఇప్పుడు తిప్పు" అన్నాడు. స్టార్ట్ అయింది. కనెక్టర్ లూజు. ఘాట్‌లో కుదుపులకి, డిసెంబర్ మంచు తేమకి అది కాంటాక్ట్ వదిలేసింది. ఎక్కడ నేర్చుకున్నావన్నా అంటే, టూరిస్టుల కార్లు ఆగిపోయినప్పుడల్లా ఒక్కోటి విప్పి చూశానన్నాడు. కోడ్ అతని దగ్గర లేదు, స్కానర్ లేదు, కానీ తీగ ఎక్కడ ఉందో తెలుసు. "శృంగవరపుకోట దాకా ఇంజన్ ఆపకు" అన్నాడు. చాలా కార్లలో చిప్‌ని అడిగేది స్టార్ట్ చేసేటప్పుడే, తిరుగుతుండగా అడగదు. అందుకే ఆ మాట. నేను వైజాగ్ ఇంటి దాకా ఆపలేదు. తర్వాత కాయిల్ మార్పించాను, రెండో కీ చేయించాను. ఆ రెండో కీకి ఆర్‌సీ, ఆధార్ అన్నీ చూపించాల్సి వచ్చింది, అది సబబే అనుకోండి.

మీరు సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే టైర్లు, మీటర్ రీడింగ్‌తో పాటు ఇవి అడగండి: రెండు కీలూ చిప్ ఉన్నవేనా, రెండింటితోనూ ఇంజన్ కనీసం ఒక నిమిషం తిరుగుతోందా, కీ కోడ్ ట్యాగ్ ఉందా. బండి దొంగతనం జరిగితే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు కూడా రెండు కీలూ అడుగుతారు. ఘాట్‌కి వెళ్తుంటే రెండో కీని బండిలో కాకుండా జేబులో, మొదటిదానికి దూరంగా పెట్టుకోండి. ఆ చిన్న లైటు కొట్టుకుంటూ ఉంటే ఊరికే సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ అవగొట్టకండి. వోల్టేజ్ పడిపోతే చిప్‌ని చదవడం ఇంకా కష్టమవుతుంది.

కేకే లైన్ గురించి పైపైన చెప్పి వదిలేశాను. ఆ 58 సొరంగాలు ఎవరు తవ్వారు, ఎలా తవ్వారు అన్నది వచ్చే ఎపిసోడ్. ఈసారి అరకు రైల్లోనే వెళ్తున్నాను.